మొలకను లేపినది ఎవరు?

పోయిన జనవరిలో మేము, మా శ్రీమతి కలిసి నీలగిరి కొండల మీద కూనూరు సమీపాన ఉన్న బంధువుల ఇంట నాలుగు రోజులు ఉండి వచ్చాము. కోవిల్‌పట్టి ఎండకు అలవాటు పడిన శరీరాలు గనుక మొదటి రెండు రోజులూ ముందు గది దాటి బయటకు రాలేదు. ఆ గదిలోనే కిటికీ క్రింద నాలుగు చెక్క ట్రేలు, మధ్యలో గాలి ఆడేటట్లు, ఒకదానిపై ఒకటి పేర్చి ఉన్నాయి. వాటి నిండా బంగాళాదుంపలు. కొన్ని ముడతలు పడ్డాయి, కొన్నిటికి ఆకుపచ్చ రంగు వచ్చింది. అన్నిటికీ కళ్ళ దగ్గర పొట్టిగా, ఊదారంగులో, మొటిమల్లాంటి మొలకలు ఉన్నాయి. మట్టి లేదు, నీళ్ళు లేవు, ఎరువు లేదు.

మా శ్రీమతి ఊరుకోలేక, "అన్నయ్యా, ఇవి పాడైపోయినవి గదా, నట్టింట్లో ఎందుకు పెట్టుకున్నావు?" అని అడిగింది. ఆయన నవ్వి, "చెల్లెమ్మా, ఇవి తినే గడ్డలు కావు, విత్తనం" అన్నాడు.

తరువాత ఆయన చెప్పిన సంగతులు మాకు కొత్తవి గనుక పాఠకులతో పంచుకుంటాము. నేల నుండి తవ్విన బంగాళాదుంప వెంటనే మొలవదు. దానికి ఒక నిద్ర ఉన్నది. రకాన్ని బట్టి సుమారు రెండు మూడు నెలలు ఎంత తడి తగిలినా, ఎంత మంచి నేల దొరికినా అది లేవదు. ఆ నిద్ర తీరిన తరువాత నాటడానికి రెండు మూడు వారాల ముందు దుంపలను ఇంట్లోకి తెచ్చి, నేరుగా ఎండ పడకుండా వెలుతురు మాత్రం తగిలే చోట పరుస్తారు. అప్పుడు వచ్చే మొలక పొట్టిగా, లావుగా, గట్టిగా ఉంటుంది. అదే దుంపను గోనెసంచిలో, చీకటి మూల పడవేస్తే మొలక రాక మానదు, కాని అది జానెడు పొడవున తెల్లగా, సన్నగా, పాలిపోయి పెరుగుతుంది. సంచి నుండి తీయబోతే పుటుక్కున విరుగుతుంది. వెలుతురులో లేచిన మొలకను బుట్టలో వేసుకొని పొలానికి మోసుకుపోయినా ఏమీ కాదు. నాటిన తరువాత అన్నీ ఒక్కసారే మట్టి పైకి వస్తాయి, పంట కూడ ముందుగా చేతికి వస్తుంది.

దక్షిణ అమెరికాలోని లీమా నగరంలో 1971లో ఏర్పడిన అంతర్జాతీయ బంగాళాదుంప కేంద్రం వారు ఈ వెలుతురు పద్ధతిని పేద దేశాల రైతులలో ప్రచారం చేశారట. వారు దానిని రైతుల ఇళ్ళలో ఉన్న పాత అలవాట్లను చూసియే నేర్చుకున్నారని చదివాము. చదువుకున్నవారు రైతు దగ్గర నేర్చుకొని రైతుకే మరల నేర్పడం మంచి సంగతి. ఉపాధ్యాయ వృత్తిలో మేము కూడ అదే చేశాము, అయితే జీతం మాత్రం మాకే వచ్చింది.

బయలుదేరే రోజున ఆ బావగారు ఒక మాట అన్నాడు. "లేపిన తరువాత ఆగకూడదు బావగారూ. ఇవి ఇంకా పది రోజులు ఇలాగే ఉంటే నాటినా పనికిరావు. పచ్చబడినవి గనుక కూర వండుకోవడానికీ పనికిరావు, విషం." పచ్చబడిన దుంపలో సోలనిన్ అనే చేదు విషపదార్థం పెరుగుతుందని మేమే ఒకప్పుడు తరగతిలో చెప్పాము. కాని ఆ రోజు ఆ మాట విన్నప్పుడు పాఠం జ్ఞాపకం రాలేదు. ఒక పిల్ల జ్ఞాపకం వచ్చింది. మేట్టుపాళయం దిగేవరకు మేము మాట్లాడలేదని మా శ్రీమతి ఇప్పటికీ అంటుంది.

మాది ఒంగోలు ప్రాంతం. మా తండ్రిగారి ఉద్యోగరీత్యా చిన్ననాడే ఈ దేశం వచ్చాము. టీచర్ ట్రైనింగు ముగించి, 1980ల మొదట్లో, కోవిల్‌పట్టికి సాత్తూరుకు నడుమ ఉన్న ఒక ఊరి బడిలో చేరాము. చుట్టూ నల్లరేగడి. తమిళులు దానిని కరిసల్ అంటారు. అక్కడ సగం ఇళ్ళలో తెలుగే మాట్లాడుతారు, కాని చదవడం, వ్రాయడం తమిళంలోనే. విజయనగరం, నాయకరాజుల కాలాలలో వచ్చి స్థిరపడిన కుటుంబాలవి. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్ గ్రామంలో పుట్టిన కి. రాజనారాయణన్ గారు ఇంటి భాష తెలుగైనా తమిళంలో వ్రాసి, 1991లో సాహిత్య అకాడమీ బహుమతి పొందినది అటువంటి వలస కుటుంబాల కథకే. 2021లో ఆయన మరణించారు.

శనివారం సాయంత్రాలు మా ఇంటి వసారాలో పదిమంది పిల్లలకు తెలుగు అక్షరాలు చెప్పేవాళ్ళము. ఒక శనివారం అక్షరాలు ప్రక్కన పెట్టి, ట్రైనింగులో నేర్చుకున్న ఒక ప్రయోగం చూపాము. అగ్గిపెట్టెలు సర్దే అట్టపెట్టె ఒకటి తీసుకొని, లోపల రెండు అట్టగోడలు నిలిపి, వాటికి చెరొక ప్రక్క కంత చేసి, పెట్టె చివర వెలుతురు రావడానికి ఒక రంధ్రం చేశాము. ఈ కొసన మొలక వచ్చిన బంగాళాదుంప పెట్టి మూత వేశాము. "సార్, ఉర్లగడ్డకు జైలా?" అని ఒకడు అడిగాడు. ఆ పిల్లలకు అది ఉర్లగడ్డయే గాని బంగాళాదుంప కాదు. మేము దిద్దబోయి మానుకున్నాము.

మూడు నాలుగు వారాలకు మూత తీస్తే మొలక మొదటి గోడ కంతలో దూరి, వంగి, రెండవ గోడ చుట్టు తిరిగి, రంధ్రం దాకా వచ్చి ఉన్నది. బయటకు వచ్చిన కొస మాత్రం పచ్చగా ఉన్నది. లోపల ఉన్నదంతా తెలుపే. పిల్లలు కేకలు వేశారు. ఒక పిల్ల మాత్రం కేక వేయలేదు. వంగి, ఆ తెల్లని భాగాన్ని వేలితో తాకి, "ఇంత దూరం దీనికి తిండి ఎట్లా సార్?" అని అడిగింది. దుంపలో దాచుకున్నది తిన్నదని చెప్పాము. "అయిపోతే?" అన్నది.

ఆ పిల్ల పేరు వ్రాయము. అప్పటికి పన్నెండు పదమూడేండ్లు. తెల్లవారుజామున నాలుగున్నరకు ఊరి మొగదలకు అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ బస్సు వచ్చేది. 1986లోనే బాలకార్మిక నిషేధ చట్టం వచ్చి ఫ్యాక్టరీలలో పదునాలుగేండ్ల లోపు పిల్లలను పెట్టుకోకూడదని అన్నా, బస్సు మాత్రం వచ్చేది. సెలవు రోజులలో ఈ పిల్ల దాంట్లో వెళ్ళి చట్రాలలో పుల్లలు పేర్చేది, చట్రానికింత అని కూలి. బడి ఉన్న రోజులలో ఇంటి దగ్గర అమ్మతో కూర్చొని పెట్టెలకు లేబుళ్ళు అంటించేది. మేము ఆమెకు అక్షరాలు నేర్పామని అందరూ అనుకుంటారు. నిజానికి ఆమె మా దగ్గరకు వచ్చేసరికే కొన్ని తమిళ అక్షరాలు, ఇంగ్లీషు అక్షరాలు గుర్తుపట్టేది, కాని తలక్రిందులుగా. ఎదుట కూర్చున్న అమ్మ వైపు తిప్పి పేర్చిన లేబుళ్ళను ఈ ప్రక్కనుండి చూసి చూసి నేర్చుకున్నది గనుక అవి ఆమె కంటికి అలాగే అలవాటయినాయి. పుస్తకాన్ని తిప్పి పట్టుకొని చదువుతుంటే మేము మొదట నవ్వాము. ఈ సంగతిని పాఠకులు జ్ఞాపకం ఉంచుకోవలెను, మరల దీని దగ్గరకు వస్తాము.

పిల్ల తెలివైనది. ఎనిమిదవ తరగతిలో బడికంతటికీ మొదటి స్థానం వచ్చింది. "నీవు టీచరువు కావాలి" అని మేము ఒకసారి కాదు, వంద సార్లు అని ఉంటాము. ఆమె తండ్రితో అన్నాము, తల్లితో అన్నాము, ఆమె వినేటట్లు పొరుగువారితో కూడ అన్నాము. తొమ్మిదవ తరగతికి పట్నం పోవాలి, హాస్టలులో చేరాలి. తండ్రి అతి కష్టం మీద ఒప్పుకొని, "దరఖాస్తు పని మీరే చూడాల సార్, మాకు తెలియదు" అన్నాడు. చూస్తామని మాట ఇచ్చాము. అది 1988 వేసవి. ఆ సమయాన ఒంగోలులో మా చెల్లెలి పెండ్లి వచ్చింది. పోయి వచ్చిన తరువాత వెళ్దాములే అనుకున్నాము. వచ్చిన తరువాత కూడ రెండు రోజులు అలసట తీర్చుకున్నాము. హాస్టలుకు వెళ్ళేసరికి గడువు దాటి తొమ్మిది రోజులయినది. అక్కడివారు మర్యాదగానే మాట్లాడి, ఖాళీలు లేవన్నారు. అందులో వారి తప్పు లేదు. తప్పంతా మాదే.

వచ్చే సంవత్సరం చూద్దామన్నాము. ఆ మాటకు తండ్రి తల ఊపాడు. ఆ పిల్ల మాత్రం మమ్మును చూడలేదు. వారం లోపల బస్సు ఎక్కింది. మరి రెండేండ్లకు విరుదునగర్‌లోని మేనత్త కొడుకుకు ఇచ్చి పెండ్లి చేశారు.

ఆ తరువాత ఇరవై ఏడేండ్లకు, 2015 జూలైలో, విరుదునగర్ బస్‌స్టాండులో "సార్" అని ఎవరో పిలిస్తే వెనుకకు తిరిగి చూశాము. పప్పుల మిల్లులో పని చేస్తున్నదట. క్షేమసమాచారాలు అయిన తరువాత మేము పాత సంగతి ఎత్తి, మమ్మును క్షమించమని అడిగాము. ఆమె కోపం లేకుండానే ఇలా అన్నది: "నాకు మొదటినించీ ఏమీ తెలియకపోయుంటే బాగుండు సార్. మా అక్క కూడ పుల్లలే పేర్చింది. ఆమెకు ఏ బాధా లేదు. మీరు ఆ పెట్టె చూపించినారు, నాకు కడుపు మండింది."

ఈ వ్యాసంలో మేము అడుగదలచుకున్న ప్రశ్న ఇదే. నాటడానికి నేల లేనప్పుడు మొలకను లేపడం తప్పా? చివర వరకు తీసుకొని పోలేనివాడు ఒక బిడ్డలో ఆశ పుట్టించవచ్చునా?

పుట్టించకూడదనే వాదము చిన్నది కాదు. ఆ రోజులలో ఫ్యాక్టరీలవారు ఇదే మాట అనేవారు: సగం చదివిన పిల్ల పనికీ రాదు, ఆఫీసుకూ రాదు, ఇంట్లో కూర్చొని ఏడుస్తుంది. అది స్వార్థపు మాట అని కొట్టివేయవచ్చును. కాని అదే మాటను మన సంఘాలలోని పెద్దలు, పిల్లలయందు నిజమైన ప్రేమ గలవారు, తమ ఆడబిడ్డలను గూర్చి అనగా మేము విన్నాము. "ఆశ పెట్టి తీర్చలేకపోవడం కంటె పెట్టకపోవడం దయ" అంటారు. ఆ పిల్ల మాట వారి పక్షాన సాక్ష్యం చెప్పినట్లే ఉన్నది గదా. చాలా సంవత్సరాలు మేము ఆ సాక్ష్యాన్ని ఒప్పుకొని, తలవంచుకొని తిరిగాము.

కూనూరులో ఆ ట్రేలు చూచిన తరువాత ఈ వాదములో ఎక్కడో లోపము ఉన్నదని తోచింది. దుంపను లేపుతున్నామని మనం అనుకుంటాము గాని దాని నిద్ర దానంతట అదే తీరుతుంది. కిటికీ దగ్గర పెట్టినా తీరుతుంది, గోనెసంచిలో పెట్టినా తీరుతుంది. శీతల గిడ్డంగిలో కొన్నాళ్ళు ఆపవచ్చును, ఎల్లకాలం ఆపలేము. బావగారు చేసినది మొలక పుట్టించడం కాదు. పుట్టబోయే మొలకకు చీకటా, వెలుతురా అన్నది మాత్రమే ఆయన చేతిలో ఉన్నది.

లేబుళ్ళను తలక్రిందులుగా చదువుకున్న పిల్ల మా దగ్గరకు రాకముందే మొలకెత్తి ఉన్నది. మేము ఆ పెట్టె చూపకపోయినా ఆమె కడుపు మండి ఉండేదే. అది ఎందుకు మండుతున్నదో తెలియకుండా మండి ఉండేది. అక్కకు బాధ లేదన్న మాట కూడ అక్క చెప్పినది కాదు, చెల్లెలు చెప్పినది. అక్కను ఎవరూ అడుగలేదు. మేమూ అడుగలేదు.

కాబట్టి లేపడం తప్పు కాదని మేము ఇప్పుడు నమ్ముతున్నాము. అయితే ఇంతటితో మా మనస్సాక్షి తేలికపడిందని ఎవరూ అనుకోవద్దు. బావగారి మాటలో రెండవ సగం ఉన్నది గదా: లేపిన తరువాత ఆగకూడదు.

ఇక్కడ మా కోవిల్‌పట్టి రైతులు చేసే పనిని కొంచెం చెప్పవలెను, ఏలయనగా వారు ఈ చిక్కును వేరొక విధంగా దాటారు. ఈ నేలలో బంగాళాదుంప పండదు. ఆ ప్రయోగం తరువాత పిల్లల పోరు పడలేక ఆ దుంపను బడి వెనుక నాటాము. ఆకు బాగానే వేసింది. రాత్రులు చల్లగా లేనిదే దుంప ఊరదు గనుక చివరకు తవ్వితే గోలీకాయలంత నాలుగు దొరికాయి. ఇక్కడి పంటలు జొన్న, సజ్జ, పత్తి, మినుము. అన్నీ ఈశాన్య ఋతుపవనం మీద ఆధారం. కోవిల్‌పట్టిలో 1901లో స్థాపించిన వ్యవసాయ పరిశోధనా కేంద్రం ఉన్నది, ఇప్పుడు తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం క్రింద నడుస్తున్నది. ఇటువంటి వర్షాధార నేలలకు ఆ విశ్వవిద్యాలయం వారు చెప్పే పద్ధతి ఇది: జొన్న విత్తనాన్ని లీటరు నీటికి 20 గ్రాముల పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ కలిపిన నీళ్ళలో ఆరు గంటలు నానబెట్టి, తీసి, మరల నీడలో మునుపటి పొడిదనం వచ్చేవరకు ఆరబెట్టాలి. విత్తనం లోపల పని మొదలవుతుంది, కాని మొలక బయటకు రాదు. దానిని వానకు ఒకటి రెండు వారాల ముందే పొడి దుక్కిలో, ఐదు సెంటీమీటర్ల లోతున విత్తుతారు. చిన్న జల్లు పడితే అది లేవదు. నేల లోతుగా తడిసే వాన పడినప్పుడే లేస్తుంది, లేచినప్పుడు ఇతర విత్తనాల కంటె ముందు, గట్టిగా లేస్తుంది. నడుమ వాన మొగం చాటేసినా కొంత తట్టుకుంటుంది.

పిల్లలను కూడ ఇలా పెంచవచ్చును గదా అని మా మిత్రులొకరు అన్నారు. సగం నానబెట్టి ఆరబెట్టినట్లు, ఆశ పెట్టి, ఓర్పు కూడ నేర్పి, అవకాశం వచ్చేవరకు ఆగేటట్లు. వినడానికి బాగున్నది. కొందరు అటువంటివారు ఉంటారు, పది సంవత్సరాలు ఆగి లేచినవారిని మేమూ చూశాము. కాని జొన్నగింజ ఎండగలదు, దుంప ఎండలేదు. దుంపలో మూడు వంతులకు పైగా నీరే. లేచిన దానిని మరల నిద్రపుచ్చడం ఎవరి వల్లా కాదు. మన ఎదుట ఉన్న బిడ్డ గింజో దుంపో మనకు ఎలా తెలుస్తుంది? ఆగమని చెప్పడం సుళువు. చెప్పేవాడు ఆగనక్కరలేదు గనుక.

మరొక మొలక కూడ ఈ ప్రాంతంలో ఉన్నది. పంగుని మాసంలో విరుదునగర్ అమ్మవారి పొంగల్ వంటి పండుగలు వచ్చినప్పుడు మా ఇరుగుపొరుగు స్త్రీలు ముళైప్పారి పెంచుతారు. మట్టిపాత్రలలో నవధాన్యాలు చల్లి, వెలుతురు రాని గదిలో పెట్టి, కొద్ది రోజులు నియమంగా నీళ్ళు చల్లుతారు. లేత పసుపు రంగున మొలకలు ఒత్తుగా లేస్తాయి. వాటిని తలల మీద ఎత్తుకొని ఊరేగి, చివరకు నీటిలో కలుపుతారు. వారి భక్తి వారిది, దానిని గూర్చి మేము మాట్లాడబోవడం లేదు. పూర్వం ఇది ఇంట్లోని విత్తనం మంచిదో కాదో చూసుకునే ఉపాయం కూడ అయి ఉండునని ఊరి వృద్ధులు చెప్పగా విన్నాము. మాకు తోచినది వేరు. అవి నాటడానికి పెంచిన మొలకలు కావు, ఆ విషయం పెంచినవారికి మొదటినుండీ తెలుసు, ఎవరూ మోసపోరు. మేము చేసినది ఏమిటి? వార్షికోత్సవాలలో ఆ పిల్లను వేదిక ఎక్కించి పద్యం చెప్పించాము, ఇన్‌స్పెక్టరు గారు వచ్చినప్పుడు ముందు నిలబెట్టాము. అందరూ మమ్మును మెచ్చుకున్నారు. నాటడానికి పెంచుతున్నామని ఆమెతో చెప్పి, చూపడానికి పెంచామేమో అన్న అనుమానం మాకు ఇప్పటికీ ఉన్నది.

నేల సిద్ధం చేయడం వేరే పని. అది తరగతి గదిలో జరిగే పని కాదు గనుక ఉపాధ్యాయులు దానిని తమ పనిగా ఎంచరు. 1876-78 కరవును గూర్చి మన ఒంగోలు, నెల్లూరు కుటుంబాలలో తాతలు చెప్పిన కథలు ఉన్నాయి. కాలువ త్రవ్వకంలో కూలి, గంజి కేంద్రాలు, ఆ కథలు అందరికీ తెలుసు. అంతగా చెప్పుకోని సంగతి ఒకటి ఉన్నది. లండనులో ప్రజలు చందాలు వేసి పంపిన సహాయనిధిలో పెద్ద భాగాన్ని వానలు పడిన తరువాత రైతులకు విత్తనాలు, ఎడ్లు కొనుక్కోవడానికి ఇచ్చారు. ఏలయనగా ఆకలిలో విత్తనం తినివేయబడింది, ఎడ్లు చచ్చాయి. గంజితో ప్రాణం నిలిచింది, కాని విత్తనం లేకపోతే వాన పడి ఏమి లాభం? ఐర్లండులో ఇదే జరిగింది. 1845, 46లలో తెగులు బంగాళాదుంప పంటను కుళ్ళబెట్టింది. 1847లో తెగులు తక్కువే. కాని జనులు విత్తనపు దుంపలు కూడ తినివేశారు గనుక నాటినది బహు కొంచెం, కాబట్టి మంచి సంవత్సరంలో కూడ ఆకలిచావులు ఆగలేదు. తిన్నవారిని తప్పుపట్టగలమా? పిల్ల ఏడుస్తుంటే ట్రేలో విత్తనం దాచుకునే తల్లి ఎక్కడ ఉంటుంది? కూతురిని ఫ్యాక్టరీ బస్సు ఎక్కించిన తండ్రిని కూడ మేము ఆ తరువాత తప్పుపట్టలేదు. చట్రానికి వచ్చే ఆ కొద్ది పైసలు ఆ ఇంటికి విత్తనపు దుంప తినడం వంటిదే. ఆయన తినివేసినది విత్తనమని ఆయనకూ తెలుసు.

శివకాశి అగ్గిపెట్టెల పరిశ్రమలోని పిల్లలను గూర్చిన కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 10న తీర్పు చెప్పింది. ఆ తీర్పులో ఒక భాగం మమ్మును ఆలోచింపజేసింది. పిల్లను పెట్టుకున్న యజమాని పిల్లకు 20,000 రూపాయల చొప్పున కట్టాలన్నది అందరూ చెప్పుకున్నారు. దానితోపాటు, ఆ పిల్లకు బదులు కుటుంబంలోని పెద్దవారు ఒకరికి పని చూపాలని, చూపలేకపోతే ప్రభుత్వమే 5,000 రూపాయలు ఆ పిల్ల పేర నిధిలో వేయాలని కూడ ఉన్నది. అది ఎంతవరకు అమలయినదో వేరే కథ. కాని ఆలోచన సరియైనది. బిడ్డను బస్సు దింపడానికి ముందు ఆ ఇంట్లో ఆ కూలి లోటును ఎవరు పూడ్చుతారో అడగాలి. విరుదునగర్‌లో 1903లో పుట్టిన కామరాజ్ గారు ఇంటి కష్టాల వలన ఆరవ తరగతితో చదువు చాలించినవారు. ముఖ్యమంత్రి అయిన తరువాత బడులు తెరిచి ఊరుకోక మధ్యాహ్న భోజనం కూడ పెట్టించడానికి ఆయన స్వంత కడుపు జ్ఞాపకమే కారణమై ఉండునని మేము తరగతిలో చెప్పేవాళ్ళము. చెప్పిన మేమే ఒక దరఖాస్తు కాగితాన్ని సకాలంలో పట్నం చేర్చలేకపోయాము.

మన సంఘాలు ఇప్పుడు స్థిరపడ్డాయి. మన పిల్లలకు నేల ఉన్నది. హాస్టళ్ళు తెలుసు, గడువు తేదీలు తెలుసు, ఫోను చేస్తే చెప్పేవారు ఉన్నారు. మన ఇళ్ళలో పనిచేసేవారి పిల్లలను, వీధి చివరి ఇంటి పిల్లలను చూసి "బాగా చదువుకోవాలమ్మా" అని తల నిమిరి వెళ్ళడం మనకు అలవాటయినది. ఆ నిమరడం కూడ లేపడమే. అన్నవారిని ఆ బిడ్డ మరచిపోదు. ఆ మాట అన్న తరువాత గడువు తేదీ అడిగి కాగితం మీద వ్రాసుకున్నవారు మనలో ఎంతమంది?

ఒకటి మాత్రం చెప్పవలెను. మొదటి మొలక విరిగితే దుంప చచ్చిపోదు. కొసన ఉన్న కన్ను లేచినంతకాలం మిగిలిన కళ్ళను అది అణచి ఉంచుతుంది. అది విరిగితే ప్రక్క కళ్ళు లేస్తాయి. ఇది విని కొందరు ఓదార్పు పొందుతారు, మేమూ కొంత పొందాము. కాని విరిగిన మొలక తిన్న సత్తువ మరల దుంపలోకి రాదు. రెండవసారి లేచే మొలక మిగిలిన దానితోనే లేవాలి. "అయిపోతే?" అని ఆ పిల్ల అడిగిన ప్రశ్నకు ఆ శనివారం మేము జవాబు చెప్పలేదని ఇప్పుడు జ్ఞాపకం వస్తున్నది. దీపం పెట్టే వేళయినదని పిల్లలను ఇళ్ళకు పంపివేశాము.

బస్‌స్టాండులో ఆమె ఆ మాట అన్న తరువాత మాకు నోట మాట రాలేదు. కొంతసేపటికి ఆమెయే తన కూతురు పన్నెండవ తరగతి ముగించిందని, నర్సింగులో చేరుతానంటున్నదని చెప్పింది. మేము తొందరపడి, "దరఖాస్తు ఎప్పటిలోగా ఇవ్వాలి? మేము వస్తాము, రేపే వెళ్దాము" అన్నాము. ఆమె మమ్మును ఒకసారి చూసి, నడుమున దోపుకున్న చిన్న సంచి తీసి, దానిలోనుండి నాలుగు మడతలు పెట్టిన కాగితం బయటకు తీసింది.

"ఫారాలు ఇచ్చిన మొదటి రోజే పోయి ఇచ్చి వచ్చినాను సార్. ఇదిగో రసీదు."

మేము కళ్ళద్దాలు పెట్టుకొని చూశాము. ఆమె దానిని మా వైపు తిప్పకుండా తన వైపే పట్టుకొని ఉన్నది. తలక్రిందులుగా ఉన్న ఆ తేదీని మేము చదువుకున్నాము.